ఒడిశా సరిహద్దులో తెలుగువాళ్లకు రాజ్యాంగం ఎంతవరకు తోడొస్తుంది

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం. ఈ ఊళ్లలో తెలుగు బడి మూతపడుతోందనో, తెలుగు మాస్టారు రిటైరయ్యాక కొత్తవారు రాలేదనో కలెక్టరుకు పెట్టే అర్జీలు చాలావరకు ఒక్క అచ్చులోంచి తీసినట్టు ఉంటాయి. "రాజ్యాంగం మాకిచ్చిన హక్కు ప్రకారం" అని మొదలవుతాయి. ఏ ఆర్టికల్, అది ఏమంటోంది, ఎంతమంది పిల్లలు, ఏ తరగతి, అడుగుతున్నది సరిగ్గా ఏమిటి అన్నవి మాత్రం అందులో కనబడవు. దాని మీద "తగు చర్య నిమిత్తం" అని రాసి కిందికి పంపేస్తారు, కింద అది ఫైల్లో పడుకుంటుంది. అధికారిని తిట్టుకుని లాభం లేదు. ఆ కాగితం చూసి ఆయన చేయగలిగిన పని అందులో ఏమీ లేదు.

భాష గురించి మన దేశంలో ఉన్న రక్షణలన్నీ ఒకే బలంతో లేవు. కొన్ని కోర్టుకెళ్లి సాధించుకోగల హక్కులు. కొన్ని "రాష్ట్రం ప్రయత్నించాలి" అని చెప్పి ఊరుకున్నవి. ఇంకొన్ని అసలు రాజ్యాంగంలోనే లేవు, కేంద్రం, ముఖ్యమంత్రులు కూర్చుని ఒప్పుకున్న మాటలు. మన పిల్లల చదువుకి, ఆఫీసు పనులకి నిత్యం కావలసినవి ఎక్కువగా ఈ చివరి రెండు రకాల్లోనే ఉన్నాయి. అవి అడిగితే తప్ప కదలవు, అంకెలు చూపిస్తే తప్ప అడిగినట్టు కాదు.

కాస్త వెనక్కి వెళ్తే, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. భాష ఆధారంగా ఏర్పడిన మొదటి ప్రావిన్సు అది. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి గంజాం, జయపురం జమీందారీ ప్రాంతం అటు వెళ్లాయి. పర్లాకిమిడి ఎస్టేటు రెండు ముక్కలైంది. పట్టణం ఒడిశాలో, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసులో మిగిలాయి. ఆ విభజనను ఎదిరించిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆంధ్ర రాష్ట్రం, 1956లో రాష్ట్రాల పునర్విభజన వచ్చాయి. భాషను బట్టి గీత ఎక్కడ గీసినా అటు కొంతమంది, ఇటు కొంతమంది మిగులుతారని రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955 నివేదికలో గుర్తించింది. దాని ఫలితంగానే 1956లో ఏడో సవరణ ద్వారా ఆర్టికల్ 350ఎ, 350బి రాజ్యాంగంలోకి వచ్చాయి. అంటే ఈ రెండూ ఇలాంటి సరిహద్దు ఊళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవే.

గట్టి హక్కులు

ఆర్టికల్ 29(1): తమకంటూ భాషో, లిపో, సంస్కృతో ఉన్న ఏ వర్గం వారికైనా దాన్ని కాపాడుకునే హక్కు ఉంది. 29(2): ప్రభుత్వం నడిపే, లేదా ప్రభుత్వ సాయం తీసుకునే విద్యాసంస్థలో కేవలం భాష కారణంగా ప్రవేశం నిరాకరించకూడదు. ఆర్టికల్ 30(1): మత మైనారిటీలతో పాటు భాషా మైనారిటీలు కూడా తమకు నచ్చిన విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకోవచ్చు. 30(2): సాయం ఇచ్చేటప్పుడు మైనారిటీ సంస్థ అన్న కారణంతో వివక్ష చూపకూడదు. వీటిలో ఏది ఉల్లంఘించినా హైకోర్టుకు వెళ్లొచ్చు.

"తెలుగువాళ్లు దేశంలో ఎనిమిది కోట్లమంది, మైనారిటీ ఎలా అవుతారు" అని ఆఫీసుల్లో అడుగుతుంటారు. 2011 లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవారు 8 కోట్ల 11 లక్షలు, నిజమే. కానీ మైనారిటీ అన్నది రాష్ట్రాన్ని బట్టి తేల్చాలని 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో సుప్రీంకోర్టు పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. కాబట్టి శ్రీకాకుళంలో మెజారిటీ అయిన కుటుంబమే పది కిలోమీటర్లు దాటి ఒడిశాలోని గజపతి జిల్లాకు వస్తే భాషా మైనారిటీ. ఇచ్ఛాపురం, సోంపేట ఒడియా కుటుంబాలకూ ఇదే వర్తిస్తుంది. ఇక్కడ మనం కోరేదంతా అక్కడ వాళ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇవ్వాలి. ఆ సంగతి మన సంఘాల తీర్మానాల్లో ఎప్పుడూ ఉండదు. ఉంటే మన మాటకు బరువు పెరిగేది.

లిపి లేదన్న వాదన కూడా చెల్లదు. విడిగా మాట్లాడే భాష ఉంటే చాలు, ప్రత్యేక లిపి అక్కర్లేదని 1971లో డి.ఎ.వి. కాలేజీ కేసులో తేలిపోయింది. తెలుగుకు ఆ ఇబ్బంది లేదు గానీ సవర, కువి, కోయ లాంటి గిరిజన భాషలు మాట్లాడేవారికి ఇది పనికొచ్చే తీర్పు. ఎనిమిదో షెడ్యూలులో ఉన్న 22 భాషల్లో అవేవీ లేవు. అయినా 29, 30, 350ఎ ఆ షెడ్యూలును అడగవు.

ఆర్టికల్ 30 దారిలో సొంత బడి పెట్టాలనుకునేవారు ఒక చోట తప్పకుండా తడబడతారు. జాతీయ మైనారిటీ విద్యాసంస్థల కమిషన్‌కు దరఖాస్తు పంపుతారు. ఆ కమిషన్ 2004 చట్టం కింద ఏర్పడింది. ఆ చట్టంలో మైనారిటీ అంటే కేంద్రం నోటిఫై చేసిన మత మైనారిటీలే. భాషా మైనారిటీ సర్టిఫికెట్ వాళ్లివ్వరు. రాష్ట్ర ప్రభుత్వాన్నే అడగాలి. ఇంకో సంగతి, 30 కింద బడి మనదే అయినా ప్రమాణాల విషయంలో రాష్ట్రం నియమాలు పెట్టొచ్చు. రాష్ట్ర భాషను ఒక సబ్జెక్టుగా తప్పనిసరి చేయడం కూడా అందులోకే వస్తుంది. మహారాష్ట్రలో గుజరాతీ బడులు మరాఠీ తప్పనిసరిని సవాలు చేస్తే 2004లో ఉషా మెహతా కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రం వైపే మొగ్గింది.

బడి: 40, 10, 60, 15

ఎక్కువ మందికి అవసరమయ్యేది 350ఎ. ప్రాథమిక దశలో భాషా మైనారిటీ పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పేందుకు తగిన సదుపాయాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, రాష్ట్రంలోని ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని అది చెబుతుంది. అవసరమైతే రాష్ట్రపతి ఆదేశాలు ఇవ్వొచ్చు. ప్రాథమిక దశ అంటే అయిదో తరగతితో సరి. ఇక్కడున్నది ప్రయత్నం చేయాల్సిన బాధ్యతే కాబట్టి "టీచరును ఇవ్వలేదు" అని నేరుగా దీని మీదే కోర్టులో నిలబడడం కష్టం. కెనడా రాజ్యాంగం 23వ సెక్షన్ ఇంగ్లీషు, ఫ్రెంచి మైనారిటీలకు తగినంత మంది పిల్లలు ఉన్నచోట సొంత భాషలో చదివించే హక్కు ఇస్తుంది. ప్రభుత్వం ఇవ్వకపోతే కోర్టు ఇప్పిస్తుంది. అక్కడా ఇక్కడా తేడా అదే. ఎంతమంది ఉంటే "తగినంత" అన్నది మాత్రం మనమే ముందు రాసుకున్నాం, 1949లోనే.

ఆ ఏడాది ఆగస్టులో జరిగిన విద్యామంత్రుల సమావేశం తీర్మానం ప్రకారం, ఒక తరగతిలో ఆ భాష పిల్లలు 10 మంది లేదా బడి మొత్తంలో 40 మంది ఉంటే కనీసం ఒక టీచరును నియమించి మాతృభాషలో చదువు చెప్పాలి. రెంటిలో ఏ ఒక్కటి కుదిరినా చాలు. మాతృభాష ఏదన్నది తల్లిదండ్రులో, సంరక్షకులో చెప్పిన మాటే. ప్రాంతీయ భాషను మూడో తరగతికి ముందు మొదలుపెట్టకూడదు, ప్రాథమిక దశ ముగిసేలోపు మొదలుపెట్టాలి. పైతరగతులకు వేరే కొలత ఉంది. దక్షిణాది రాష్ట్రాల ప్రభుత్వాలు కలిసి కూర్చునే దక్షిణ మండల మండలి 1959లో పెట్టుకున్న లెక్క ప్రకారం హైస్కూలు చివరి నాలుగు తరగతుల్లో కలిపి 60 మంది, ఒక్కో తరగతిలో 15 మంది ఉండాలి. మొదలుపెట్టిన తొలి నాలుగేళ్లూ తరగతికి 15 మంది ఉంటే సరిపోతుంది. ఒడిశా దక్షిణ మండలిలో లేదు, అది తూర్పు మండలి కిందికి వస్తుంది. అయినా భాషా మైనారిటీల కమిషనర్ కార్యాలయం రాష్ట్రాలను నిలదీసేటప్పుడు ఈ అంకెలే వాడుతూ వచ్చింది.

దరఖాస్తు ఇలా తయారుచేయాలి. ఊరంతా సంతకాలు పెట్టిన ఒక్క కాగితం పనికిరాదు. ప్రతి పిల్లాడి తరఫునా తల్లో తండ్రో విడిగా ఒక కాగితం ఇవ్వాలి. అందులో పిల్లాడి పేరు, తరగతి, అడ్మిషన్ నంబరు, "మా బిడ్డ మాతృభాష తెలుగు, ప్రాథమిక చదువు తెలుగులో కావాలి" అన్న వాక్యం, సంతకం, తేదీ ఉండాలి. వాటన్నిటి మీద తరగతుల వారీగా ఒక పట్టిక వేయాలి. తరగతికి పదిమందో, మొత్తం నలభైమందో చూడగానే తెలియాలి. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ సమావేశంలో తీర్మానం చేయించి దాని నకలు జతచేయాలి. హెడ్మాస్టరుకు ఒకటి, బ్లాకు విద్యాధికారికి (బి.ఇ.ఓ.) ఒకటి, జిల్లా విద్యాధికారికి (డి.ఇ.ఓ.) ఒకటి ఇచ్చి, ప్రతిచోటా మన నకలు మీద ముద్ర, డైరీ నంబరు వేయించుకోవాలి. ఇదంతా కొత్త విద్యా సంవత్సరానికి కనీసం మూడు నెలల ముందు జరగాలి. పిల్లల భాషను ముందే నమోదు చేసే రిజిస్టరు బడిలో తెరవాలన్నది కూడా కేంద్రం, రాష్ట్రాలు ఒప్పుకున్న భాషా మైనారిటీల రక్షణల పథకంలోని మాటే. బళ్లు తెరిచాక వెళ్తే పోస్టులు, పుస్తకాలు అప్పటికే తేలిపోయి ఉంటాయి.

సంఖ్య చాలని చోట ఏం చేయాలి? ఒక బడిలో తరగతికి ఆరుగురు, కిలోమీటరు దూరంలోని ఇంకో బడిలో అయిదుగురు ఉన్నారనుకోండి. ఏ బడికి ఆ బడి లెక్కేస్తే ఎక్కడా పది రాదు. బడుల మధ్య సర్దుబాటు చేసి పిల్లలను ఒకచోట చేర్చాలని పథకం చెబుతుంది. కాబట్టి పట్టిక రెండు బడులకూ కలిపే వేయాలి. ఏ బడిలో తెలుగు సెక్షన్ పెడితే బాగుంటుందో కూడా మీరే రాయండి. అది వాళ్లకు వదిలేస్తే ఆ చర్చలోనే ఏడాది గడిచిపోతుంది.

ఎక్కడ చెడుతుందంటే ముందుగా బడి రికార్డుల్లో. బడుల వివరాలు నమోదయ్యే ప్రభుత్వ కంప్యూటరు వ్యవస్థ యూడైస్ ప్లస్‌లో ప్రతి విద్యార్థి వివరాల్లోనూ మాతృభాష గడి ఉంటుంది. అడ్మిషన్ రోజున ఎవరూ అడగరు, నింపేవాళ్లు బడి మీడియం ఏదో అదే వేసేస్తారు. తర్వాత మీరు నలభైమంది తెలుగు పిల్లలని పట్టిక ఇస్తే, ఆఫీసు కంప్యూటరు ముగ్గురని చూపిస్తుంది. ముందు ఆ గడి దిద్దించండి. అది హెడ్మాస్టరు స్థాయిలోనే అయ్యే పని. "మీ పిల్లలు ఒడియా బాగానే మాట్లాడుతున్నారు కదా, మాతృభాష ఒడియానే" అని ఎవరైనా అంటే 2014 తీర్పు చూపించండి. కర్ణాటక ప్రభుత్వానికీ ఇంగ్లీషు మీడియం బడుల యాజమాన్యాల సంఘానికీ నడిచిన కేసులో, పిల్లవాడి మాతృభాష ఏదో తేల్చేది తల్లిదండ్రులేనని, ప్రభుత్వానికి ఆ అధికారం లేదని అయిదుగురు న్యాయమూర్తులు చెప్పారు. అదే తీర్పు రెండో వైపు నుంచి కూడా కోస్తుంది. తల్లిదండ్రులు ఇంగ్లీషు మీడియం కోరితే మాతృభాషలోనే చదవాలని ప్రభుత్వం బలవంతం చేయలేదు. తెలుగు సెక్షన్లు చాలాచోట్ల ఇలా కూడా ఖాళీ అయ్యాయి. దానికి ఏ ప్రభుత్వాన్నీ నిందించలేం.

తర్వాతి చిక్కు టీచరు పోస్టు. తెలుగు చెప్పగల మనిషి బడిలో ఉండడం వేరు, తెలుగు టీచరు పోస్టు మంజూరై ఉండడం వేరు. మొదటిది మాత్రమే ఉంటే ఆ మనిషి బదిలీ అయిన రోజున తెలుగు కూడా పోతుంది. ఖాళీలోకి వచ్చేది సాధారణ పోస్టు కింద ఎవరైనా కావచ్చు. కాబట్టి అర్జీలో "టీచరును పంపండి" అని కాకుండా "తెలుగు భాషా పోస్టు మంజూరు చేయండి, ఉన్న ఖాళీని తెలుగు పోస్టుగా చూపండి" అని రాయాలి. అభ్యర్థులు దొరకరన్న సాకు పూర్తిగా నిలబడదు. ఒడిశా టెట్‌లో మొదటి భాషగా ఒడియా, ఉర్దూ, హిందీ, బెంగాలీతో పాటు తెలుగు కూడా ఉంది. పదో తరగతి బోర్డు పరీక్షలో తెలుగు మొదటి భాష పేపరూ ఉంది. మెట్లన్నీ ఉన్నాయి, మధ్యలో ఒకటి రెండు విరిగిపోతాయి, అంతే.

పుస్తకాలది ఇంకో కథ. ఇన్ని పుస్తకాలు కావాలని పైకి పంపే ఇండెంట్ గడిచిన ఏడాది సంఖ్యను బట్టి వెళ్తుంది. కొత్తగా తెరిచిన సెక్షన్‌కు గడిచిన ఏడాది సంఖ్య సున్నా. మొదటి ఏడాది పుస్తకాలకు విడిగా ఇండెంట్ పెట్టమని అదే అర్జీలో అడగకపోతే పిల్లలు నెలల తరబడి ఒడియా పుస్తకాలతో కూర్చుంటారు. సరిహద్దు అవతల ఆంధ్రా పుస్తకాలు తెచ్చి చదివించడం తాత్కాలికంగా పనికొస్తుంది గానీ సిలబస్ వేరు. పరీక్షలో దెబ్బ తగులుతుంది.

విద్యాహక్కు చట్టం సెక్షన్ 29(2)(ఎఫ్) కూడా వీలైనంతవరకు మాతృభాషలోనే బోధన ఉండాలంటుంది. అర్జీలో 350ఎ పక్కన దీన్ని కూడా రాయండి. ఇది పార్లమెంటు చేసిన చట్టం కాబట్టి విద్యాశాఖ వాళ్లకు రాజ్యాంగం కంటే ఇదే ఎక్కువ పరిచయం.

ఆరో తరగతిలో ఏం జరుగుతుందో ముందే ఆలోచించుకోవాలి. అయిదు వరకు తెలుగు, ఆరులో ఒక్కసారిగా ఒడియా మీడియం అయితే లెక్కలు తెలిసిన పిల్లాడు కూడా ప్రశ్న అర్థంకాక ఆగిపోతాడు. మూడో తరగతి నుంచి ఒడియాను సబ్జెక్టుగా గట్టిగా చెప్పించడమే దీనికి మందు. ఒడియా వద్దనే తెలుగు అభిమానం సరిహద్దులో పిల్లల కాళ్లకు అడ్డం పడుతుంది.

ఉద్యోగం

అలా అనడానికి కారణం ఉద్యోగాలే. ఆర్టికల్ 15, 16 చదివితే వివక్షకు కారణం కాకూడనివాటి జాబితాలో మతం, కులం, లింగం, పుట్టిన చోటు ఉన్నాయి. భాష లేదు. ప్రవేశాల దగ్గర 29(2)లో భాష ఉంది, ఉద్యోగాల దగ్గర 16(2)లో లేదు. 1961 ముఖ్యమంత్రుల సమావేశంలో, రాష్ట్ర ఉద్యోగంలో చేరడానికి రాష్ట్ర భాష ముందే వచ్చి ఉండాలని పట్టుబట్టకూడదని, ప్రొబేషన్ ముగిసేలోపు పరీక్ష పెడితే చాలని అనుకున్నారు. అది ఒప్పందం, చట్టం కాదు. ఒడిశా నియామక ప్రకటనలు చూడండి: మిడిల్ స్కూల్ స్థాయి ఒడియా పాసై ఉండాలని ఉంటుంది. ఏడో తరగతిలో ఒడియా సబ్జెక్టుగా పాసవడం, లేదా మెట్రిక్ ఒడియా మాధ్యమంలో రాయడం, లేదా ఎం.ఇ. (మిడిల్ స్కూల్) స్థాయి ఒడియా పరీక్ష విడిగా పాసవడం, వీటిలో ఒకటి చూపాలి. తెలుగు మీడియం పిల్లలు డిగ్రీ అయ్యాక సర్టిఫికెట్ల పరిశీలన రోజున ఇక్కడ ఆగిపోతారు. ఏడో తరగతిలో ఒడియా ఒక సబ్జెక్టుగా ఉండేలా చూసుకుని, ఆ మార్కుల కాగితం పారేయకుండా దాచుకుంటే చాలు.

అర్జీ ఏ భాషలో

ఆర్టికల్ 350 ప్రకారం కష్టం చెప్పుకుంటూ కేంద్రానికో రాష్ట్రానికో చెందిన ఏ అధికారికైనా, కేంద్రంలో గానీ ఆ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇవ్వొచ్చు. తెలుగులో ఉందని తిప్పి పంపకూడదు. అయితే జవాబు తెలుగులోనే ఇవ్వాలని అందులో లేదు. జవాబు ఒడియాలో వస్తుంది. కాబట్టి తెలుగు అర్జీ కింద ఒక పేజీ ఒడియా సారాంశం జతచేయడం తెలివైన పని. సోమవారం కలెక్టరు, ఎస్పీ కలిసి జరిపే గ్రీవెన్స్‌కు వెళ్లేటప్పుడు మరీ. అక్కడ ఒక్కో అర్జీకి దొరికేది కొద్ది నిమిషాలే.

సమాచార హక్కు దరఖాస్తు మాత్రం వేరు. 2005 చట్టం సెక్షన్ 6(1) ప్రకారం అది ఇంగ్లీషులో, హిందీలో, లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో ఉండాలి. ఒడిశాలో తెలుగు అధికార భాష కాదు కాబట్టి తెలుగులో వేస్తే తిరస్కరించే వీలుంది. ఒడిశాలో ఫారం ఎ నింపి, పది రూపాయల రుసుముతో, ఒడియాలోనో ఇంగ్లీషులోనో వేయండి. ఆర్టికల్ 350ని ఇక్కడ చూపిస్తే పని జరగదు. అది అర్జీకే గానీ ఇలాంటి నిర్ణీత దరఖాస్తులకు కాదు. పైన చెప్పిన బడి విషయంలో మంజూరైన తెలుగు పోస్టులెన్ని, ఖాళీలెన్ని, ఎప్పటినుంచి అన్నది ముందు ఈ దారిలో తెప్పించుకుని, ఆ కాగితం జతచేసి అర్జీ పెడితే దాన్ని పక్కన పెట్టడం కష్టం.

భూముల దస్తావేజులు తెలుగులో ఉన్న కుటుంబాలు ఈ జిల్లాల్లో చాలా ఉన్నాయి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 19 ఏమంటుందంటే, పత్రం రిజిస్ట్రారుకు అర్థంకాని భాషలో ఉండి, ఆ భాష జిల్లాలో సాధారణంగా వాడుకలో లేనిదైతే, జిల్లాలో వాడే భాషలోకి సరైన అనువాదం, దాంతోపాటు పత్రం నకలు ఇస్తే తప్ప రిజిస్టరు చేయకూడదు. రెండు షరతులూ కలిస్తేనే తిరస్కరణ. తెలుగు వాడుకలో ఉన్న జిల్లాలో అసలు ఆ మాటే రాకూడదని వాదించవచ్చు. కానీ పని కావాలంటే ఒడియా అనువాదం, నకలు ముందే పట్టుకెళ్లండి. పేర్ల దగ్గర జాగ్రత్త. తెలుగు పత్రంలో ఇంటిపేరు ముందు ఉంటుంది, ఒడియా రికార్డులో చివర వస్తుంది. అనువాదంలో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటే భూమి రికార్డుల్లో పేరు మార్చే మ్యుటేషన్ దగ్గర ఇరుక్కుంటారు. తండ్రి పేరు, సర్వే నంబరు రెండింటిలోనూ ఒకటే ఉండేలా చూసుకోవాలి.

క్రిమినల్ కేసులో ముద్దాయికి ఒడియా రాకపోతే, సాక్ష్యం ఆయనకు తెలిసిన భాషలో కోర్టులోనే వినిపించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 314 చెబుతుంది. పాత సి.ఆర్.పి.సి.లో ఇది 279. అడగాల్సింది సాక్ష్యం నడుస్తున్నప్పుడే, తీర్పు వచ్చాక కాదు.

అధికార భాష హోదా

ఇక పెద్ద కోరిక: తెలుగును ఈ జిల్లాల్లో అధికార భాష చేయాలి. దీనికి రెండు ద్వారాలున్నాయి. ఆర్టికల్ 345 కింద రాష్ట్ర శాసనసభ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఒకటో అంతకుమించో భాషలను అధికార భాషలుగా చేయొచ్చు. ఒడిశా 1954 చట్టంతో ఒడియాను తీసుకుంది. ఒక భాషను తీసుకున్నాక ఇంకోటి చేర్చడానికి అడ్డేమీ లేదని ఉత్తరప్రదేశ్ ఉర్దూ విషయంలో 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో ఖరగ్‌పూర్ తెలుగువారిని దృష్టిలో పెట్టుకుని తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. అంటే ఇది రాజకీయ నిర్ణయం, ఓట్ల లెక్క.

రెండోది ఆర్టికల్ 347. రాష్ట్ర జనాభాలో గణనీయమైన భాగం కోరితే, ఆ భాషను రాష్ట్రమంతటా గానీ ఒక భాగంలో గానీ, చెప్పిన పనులకు గుర్తించమని రాష్ట్రపతి ఆదేశించవచ్చు. గణనీయం అంటే ఎంతో అందులో రాయలేదు. నా ఉద్దేశంలో 347 మీద ఏళ్లు పోసేకంటే, 1961 ఒప్పందంలోని చిన్న మాట పట్టుకోవడం మేలు. ఒక జిల్లాలో 60 శాతం మంది వేరే భాష వాళ్లుంటే ఆ జిల్లాకు ఆ భాషను అదనపు అధికార భాష చేయాలన్నది మనకు అందదు. కానీ జిల్లాలో, లేదా తహసీలు, మునిసిపాలిటీ లాంటి చిన్న ప్రాంతంలో 15 శాతం ఉంటే ముఖ్యమైన చట్టాలు, నియమాలు, ప్రకటనలు ఆ భాషలోనూ ఇవ్వాలన్నది అందుతుంది. జిల్లా మొత్తం మీద తేలిపోయే సంఖ్య పట్టణం లెక్కలో నిలబడవచ్చు. అందుకే ఎప్పుడూ అతి చిన్న యూనిట్‌ను ఎంచుకోండి. జనగణన సి-16 పట్టికలో మాతృభాషల లెక్క జిల్లా కంటే కింది స్థాయిలోనూ దొరుకుతుంది. ఒడిశాలో జనగణన ఉప-జిల్లా అంటే పోలీస్ స్టేషన్ పరిధి, తహసీలు కాదు. రెండూ ఒకటే అనుకుని శాతం వేస్తే మీ లెక్క తప్పని ఒక్క నిమిషంలో చూపిస్తారు. 2008లో తెలుగుకు, 2014లో ఒడియాకు వచ్చిన ప్రాచీన భాష హోదాను ఇందులోకి లాగకండి. ఆఫీసు కిటికీ దగ్గర దానికి విలువ లేదు.

350బి కింద ఉన్న భాషా మైనారిటీల ప్రత్యేకాధికారికి, అదే కమిషనర్‌కు, ప్రతి అర్జీ నకలు పంపండి. ఆ కార్యాలయం ఇప్పుడు మైనారిటీ వ్యవహారాల మంత్రిత్వశాఖ కింద ఉంది. ఆయన ఎవరినీ ఆదేశించలేరు. రక్షణలు ఎలా అమలవుతున్నాయో విచారించి రాష్ట్రపతికి నివేదిక ఇస్తారు, అది పార్లమెంటు ముందుకు, రాష్ట్ర ప్రభుత్వాలకు వెళ్తుంది. ఆయన రాష్ట్రాన్ని వివరణ అడిగినప్పుడు పాత ఫైలు మళ్లీ బల్ల మీదికి వస్తుంది. ఆ మాత్రం ఉపయోగం ఉంది.

మహారాష్ట్ర వైపు, సిరొంచ, కిన్వట్, దెగ్లూరు, ధర్మాబాద్ లాంటిచోట్ల, సూత్రాలు ఇవే, రాష్ట్ర చట్టాలు వేరు. 1964 చట్టంతో మరాఠీ అధికార భాష. 2020 చట్టంతో అన్ని పరీక్షా బోర్డుల బడుల్లోనూ ఒకటి నుంచి పది దాకా మరాఠీ తప్పనిసరి. తెలుగు బోధన దాని పక్కన అడగాల్సిందే, దాని బదులుగా కాదు. సైన్‌బోర్డుల విషయంలో మాత్రం 2025 ఏప్రిల్‌లో ఒక మంచి తీర్పు వచ్చింది. అకోలా జిల్లా పాతూరు మునిసిపల్ కార్యాలయం సైన్‌బోర్డు మీద మరాఠీతో పాటు ఉర్దూ ఉండడాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టలేదు. మరాఠీ ఉండాలన్న చట్టం ఇంకో భాషను నిషేధించదని చెప్పింది. తెలుగు జనం ఉన్న నగర పంచాయతీలు దీన్ని చూపించి తీర్మానం చేసుకోవచ్చు.

ఈ శాతాలన్నిటికీ ఆధారం జనగణన. రాబోయేది 2027 మార్చి 1 నాటి లెక్క. 2011 ఫారంలో పదో ప్రశ్న మాతృభాష, పదకొండోది తెలిసిన ఇతర భాషలు, వాటిలో రెండు చెప్పొచ్చు. జనగణన నిర్వచనం ప్రకారం చిన్నప్పుడు తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాషే మాతృభాష. తల్లి పసితనంలోనే పోతే అప్పట్లో ఇంట్లో ఎక్కువగా మాట్లాడినది. ఇంట్లో ఒక్కొక్కరికీ విడిగా అడగాలి. ఇంటి యజమానిని ఒక్కసారి అడిగి అందరికీ అదే వేసుకుపోవడం సరికాదు. కోడలు ఒడియా ఇంటి నుంచి వచ్చి ఉంటే ఆమెది ఒడియా అనే రాయించాలి. సవర, కోయ కుటుంబాల వారివి వాళ్ల భాషలే. అవి జనగణనలో విడి భాషలు, తెలుగు అంకె పెంచడానికి వాళ్లను కలుపుకోవడం అన్యాయం, పైగా వాళ్ల పిల్లలకు రావాల్సిన మాతృభాషా బోధనకు దెబ్బ. బజారులో రోజంతా ఒడియా మాట్లాడే తెలుగు వ్యాపారి ఒడియాను తెలిసిన ఇతర భాషల ప్రశ్నలో చెప్పాలి, మాతృభాష ప్రశ్నలో కాదు. రెండూ తారుమారైతే తర్వాతి జనగణన దాకా ఆ ఇల్లు పదిహేను శాతం లెక్కలోకి రాదు. గణకుడు రాసుకున్నాక, ఏం రాశారో ఒకసారి చదివి వినిపించమని అడగండి.